పని గాయానికి యజమాని ఎవరు?

కష్టం - చట్టం : 9వ భాగం



పోయిన వారం వెట్టి గురించి రాసిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న వేశారు. "అన్నా, పనిలో చెయ్యి తెగినా, ప్రాణం పోయినా పరిహారం ఇవ్వాలని వందేళ్ళ కిందటే చట్టం వచ్చిందంటున్నారు. మరి మన వాడల్లో ఇంతమంది వేళ్ళు పోయినోళ్ళు, నడుము విరిగినోళ్ళు, మొగుడు పోయిన ఆడోళ్ళు ఉన్నారు. వాళ్ళకెందుకు రాలేదు?"

మంచి ప్రశ్న. నాకు తెలిసిన జవాబు ఇది. ఆ చట్టం వచ్చాక "తప్పు ఎవరిది?" అని అడగడం ఆగింది. దాని స్థానంలో "నీ యజమాని ఎవరు?" అనే ప్రశ్న వచ్చింది. మొదటి ప్రశ్న పోవడం కార్మికుల గెలుపు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట మనల్ని కులం నిలబెట్టింది. ఈ భాగమంతా ఆ రెండు ప్రశ్నల కథే.

తప్పు ఎవరిది?

1837లో ఇంగ్లండులో ఒక మాంసం కొట్టు పనివాడు కోర్టుకెక్కాడు. యజమాని సరుకు తీసుకెళ్తుంటే బండి విరిగి పడింది, కుర్రాడి తొడ ఎముక విరిగింది. బండిలో మోయలేనంత సరుకు ఎక్కించారని అతని వాదన. కోర్టు వినలేదు. ప్రమాదం ఉందని తెలిసీ పనిలో దిగినవాడికి యజమాని జవాబుదారీ కాదంది. ప్రీస్ట్‌లీ - ఫౌలర్ కేసు అంటారు దీన్ని. దీన్నుంచే యజమానులకు మూడు గోడలు లేచాయి. తోటి పనివాడి తప్పు వల్ల దెబ్బ తగిలితే యజమానికి సంబంధం లేదు. ప్రమాదం తెలిసి పని ఒప్పుకుంటే సంబంధం లేదు. నీ అజాగ్రత్త కాస్తయినా ఉంటే సంబంధం లేదు. ఇక మిగిలిందేమిటి? మిషన్ కింద పడ్డవాడు మిషన్ యజమాని తప్పును తానే రుజువు చేయాలి.

మన దేశంలో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉండేది. చనిపోయినవాడి కుటుంబం దావా వేసుకోవచ్చు. కానీ తప్పు రుజువు చేయాలి, సివిల్ కోర్టులో, వకీలును పెట్టుకుని. నూలు మిల్లు కూలీ భార్య ఆ పని ఎలా చేస్తుంది?

ఈలోగా జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం తెచ్చింది. బ్రిటన్ 1897లో పరిహార చట్టం తెచ్చింది. వాటి వెనకున్న ఆలోచన తేలికే. ఫ్యాక్టరీకి బొగ్గు ఖర్చు ఉన్నట్టే, నూనె ఖర్చు ఉన్నట్టే, పనివాడి గాయం కూడా ఆ వ్యాపారపు ఖర్చే. లాభం తినేవాడే ఆ ఖర్చూ భరించాలి. తప్పు ఎవరిదన్న విచారణ అక్కర్లేదు.

మన దేశానికి ఈ ఆలోచన 1923లో వచ్చింది. వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం పేరుతో, 1924 జూలై 1 నుంచి అమల్లోకి. పనివల్ల, పని సమయంలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలంది. సివిల్ కోర్టు కాకుండా దీనికంటూ ఒక కమిషనర్ ఉంటాడంది. అది బ్రిటిష్ ఇండియా చట్టం కాబట్టి నైజాం సంస్థానంలో వర్తించలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాలకు వర్తించింది.

ఎంత ఇచ్చేవారో చూడండి. మనిషి చనిపోతే 30 నెలల జీతం లేదా 2,500 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. పూర్తిగా పనికి రాకుండా పోతే 42 నెలల జీతం లేదా 3,500, ఇక్కడా ఏది తక్కువైతే అది. అయినా అది పెద్ద అడుగే. మొదటిసారి పనివాడు తన గాయానికి ధర్మం అడుక్కోకుండా హక్కుగా అడిగే వీలొచ్చింది.

పట్టికలో ఎవరున్నారు?

ఈ చట్టం పనిచేసే మనుషులందరికీ కాదు. వెనక షెడ్యూల్ 2 అని ఒక పట్టిక ఉంది. అందులో ఉన్న పని చేస్తేనే నువ్వు చట్టం దృష్టిలో కార్మికుడివి. రైల్వే, గని, ఫ్యాక్టరీ, ఓడరేవు, పెద్ద కట్టడాలు. యంత్రం తిరిగే చోటు, సంఘం పెట్టుకుని సమ్మె చేసే చోటు.

అప్పటి భారతదేశంలో ఎక్కువమంది ఎక్కడ పనిచేసేవాళ్ళు? పొలంలో. ఆ పొలంలో భూమి లేకుండా పనిచేసేది ఎవరు? మాలలు, మాదిగలు. పాలేర్లు, జీతగాళ్ళు, నాటేసే ఆడవాళ్ళు. వాళ్ళు పట్టికలో లేరు.

ఇది తెలియక జరిగింది కాదు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయ కూలీల కోసం ఒక ఒడంబడిక చేసింది. పరిహార చట్టాలు వాళ్ళకూ వర్తించాలని దాని సారాంశం, అది 12వ ఒడంబడిక. అదే సభలో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చిన 11వ ఒడంబడికను భారతదేశం 1923లో ఆమోదించింది. 12వ దాన్ని అప్పుడూ ఆమోదించలేదు, స్వతంత్రం వచ్చాకా ఆమోదించలేదు. సంఘం పెట్టుకోమంటే సర్కారుకు ఖర్చు లేదు, భూస్వామికీ ఖర్చు లేదు. పరిహారం అంటే భూస్వామి జేబులోంచి తీయాలి. తేడా అక్కడుంది.

తర్వాత తర్వాత పట్టిక పెరిగింది. ట్రాక్టరు వ్యవసాయం చేరింది, నూర్పిడి మిషన్ చేరింది, పురుగుమందు కొట్టే పని చేరింది. టీ, కాఫీ, రబ్బరు తోటలు చేరాయి. ఎక్కువగా పొలంలోకి యంత్రమో మందో వచ్చిన చోటుకే చట్టం వెళ్ళింది. చేతి కొడవలితో, నాగలితో చేసే మామూలు కూలి మాత్రం చాలావరకు బయటే నిలబడింది.

ఇంకో తలుపు కూడా మూశారు. "క్యాజువల్" పనివాడు, అంటే యజమాని వ్యాపారానికి సంబంధం లేని విడి పనికి పిలిచినవాడు, చట్టం కిందికి రాడు అన్నారు. ఆ మాట చట్టంలోంచి పోవడానికి 2000 సంవత్సరపు సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

దొమ్మరోగం చెప్పే కథ

నేను విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు షెడ్యూల్ 3 తప్పకుండా తెరుస్తాను. అది వృత్తి రోగాల పట్టిక. 1923లో చట్టం గుర్తించిన కొద్ది రోగాల్లో ఒకటి ఆంత్రాక్స్. మన పల్లెల్లో దొమ్మరోగం అంటారు. చచ్చిన గొడ్డును, దాని తోలును, కొమ్మును, బొచ్చును ముట్టుకునే పనిలో వచ్చే రోగమని చట్టమే గుర్తించింది.

చచ్చిన గొడ్డును మోసేది, తోలు తీసేది, ఊనేది ఎవరు? ఊరంతటికీ తెలుసు. మరి ఆ రోగం పట్టికలో ఉందంటే మాదిగవాడలకు పరిహారం వచ్చి ఉండాలి కదా?

రాదు. ఎందుకంటే ఆ పట్టిక మనల్ని చూసి రాసింది కాదు. బ్రిటన్ 1906 చట్టంలో ఆరు రోగాలు రాస్తే వాటిలో ఆంత్రాక్స్ ఒకటి. అక్కడ ఉన్ని మిల్లుల్లో బొచ్చు వేరుచేసే కార్మికులు దానితో చచ్చిపోతుంటే రాశారు. అది సముద్రం దాటి మన చట్టంలోకి వచ్చింది. పైగా ఒక షరతు ఉంది. పరిహారం కావాలంటే దాన్ని అడగడానికి ఒక యజమాని ఉండాలి.

ఊళ్ళో గొడ్డు చస్తే మోసేవాడికి యజమాని ఎవరు? ఈ రోజు రెడ్డి గొడ్డు, రేపు కరణం గొడ్డు. జీతం లేదు, కళ్ళంలో నాలుగు మానికల గింజలు. దాన్ని పని అనలేదు, బాధ్యత అన్నారు. ఊరంతా అతని యజమానే కాబట్టి చట్టం దృష్టిలో ఎవరూ యజమాని కారు. రోగం చట్టంలో ఉంది, ఆ పని చేసే మనిషి చట్టంలో లేడు.

బలవంతంగా కళేబరాలు మోయించడం నేరం అని స్పష్టంగా రాసింది ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ. అది 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. రోగాన్ని గుర్తించడానికీ, నేరాన్ని గుర్తించడానికీ మధ్య తొంభై ఏళ్ళు దాటాయి.

అంబేద్కర్ చూసిన రెండు వైపులు

మన నాయకుల్లో ఈ ముడి ఎక్కడుందో ముందుగా పట్టుకున్నది బాబాసాహెబ్. బొంబాయి నూలు మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. అక్కడ దారం తెగితే నోటితో పీల్చి కండెలోకి ఎక్కించాలి. అంటరానివాడి నోరు తగిలిన దారాన్ని తాము ముట్టమని సవర్ణ కార్మికులు అన్నారు. అందుకే దళితులకు ఆ విభాగంలో చోటు లేదు. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనివాళ్ళనే విభజించిందని తర్వాత ఆయన చెప్పిన మాటకు రుజువు ఆ దారపు పోగులోనే ఉంది.

అదే 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. సర్కారు పనీ చేసి, ఊరి పనీ చేసి, జీతం మాత్రం ఎవరూ సరిగా ఇవ్వని వంశపారంపర్య చాకిరీ అది. మన వెట్టికి అన్నదమ్ముడు. ఎవరి పని చేస్తున్నాడో, ఎంత కూలో తేలాలని ఆయన పట్టుబట్టాడు. ఒక పక్క కార్మిక చట్టం, ఇంకో పక్క వతన్ రద్దు. రెండూ కలిస్తే తప్ప దళితుడు కార్మికుడు కాలేడు.

1942 జూలైలో వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. 1943 మార్చిలో అదే శాఖ ప్రొఫెసర్ అడార్కర్‌ను కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారు చేయమంది. 1944 ఆగస్టులో నివేదిక వచ్చింది. దాని మీదే 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో మొదలైంది. పరిహార చట్టంలో యజమాని మీద కేసు గెలవాలి. ఈఎస్‌ఐలో యజమానితో పోట్లాట లేకుండా కార్పొరేషనే నెలనెలా ఇస్తుంది. కానీ అక్కడికి చేరాలన్నా ఫ్యాక్టరీ రిజిస్టరులో నీ పేరు ఉండాలి. మళ్ళీ అదే ప్రశ్న.

మా ఇంటి లెక్క

2021లో మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడి వరస, ఒక రైస్ మిల్లులో కుడిచేతి నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పటికి అతనికి 35 ఏళ్ళు. మిల్లు యజమాని దవాఖాన ఖర్చు పెట్టుకున్నాడు, చేతిలో 40 వేలు పెట్టాడు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. "ఇక నాకేమీ రావాల్సింది లేదు" అని అందులో రాసి ఉంది. నేను వెళ్ళేసరికి తమ్ముడు నన్నే ఆపాడు.

"సేటు మంచోడే అన్నా. దవాఖాన పైసలన్నీ ఆయనే కట్టిండు. ఇప్పుడు కేసంటే రేపు మనోళ్ళను ఏ మిల్లుకు రానియ్యరు."

ఆ భయం ఉత్తుత్తిది కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నేను లెక్క మాత్రమే చెప్పాను. పూర్తి అంగవైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్ళకు గుణకం 197.06. లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000, అంటే 9,000 ఇంటూ 197.06. మొత్తం 17,73,540. ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే షెడ్యూలు ప్రకారం 50 శాతం. 8,86,770 రూపాయలు. ఒక పక్క ఈ అంకె, ఇంకో పక్క 40 వేలు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నాదేనా అన్నా?" అని అడిగాడు.

లేబర్ ఆఫీసులో మిల్లు తరఫున వచ్చిన మొదటి జవాబు ఏమిటో ఊహించే ఉంటారు. "ఇతను మా మనిషి కాదు. హమాలీ. ముఠా మేస్త్రి తీసుకొచ్చాడు, మేస్త్రినే అడగండి." తప్పు ఎవరిదని వాళ్ళు వాదించనే లేదు. చట్టం తెలిసిన వకీలు అది వాదించడు. యజమాని ఎవరన్నదే వాదిస్తాడు.

మా దగ్గరున్నది ఒక్కటే కాగితం. దవాఖానలో చేర్చుకున్నప్పుడు రాసిన చీటీ. "రైస్ మిల్లు బెల్టులో చెయ్యి పడి" అని, తీసుకొచ్చింది మిల్లు సూపర్‌వైజరని, అతని ఫోను నంబరుతో సహా ఉంది. ఆ చీటీయే కేసును నిలబెట్టింది. వేలిముద్ర కాగితం చెల్లలేదు. హక్కు వదులుకుంటున్నానని పనివాడితో రాయించుకున్న ఏ ఒప్పందమైనా ఈ చట్టం కింద చెల్లదు. ఉత్తర్వు రావడానికి రెండేళ్ళు దాటింది. మూటలు మోసేవాడికి కుడిచెయ్యి లేకపోతే నష్టం నూటికి నూరని మేం వాదించాం, అధికారి 50 దగ్గరే ఆగాడు. నిజానికి ఎడమచెయ్యి పోయిన ఒక వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రం చేయలేడు కాబట్టి నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. కాబట్టి ఆ వాదన మీరు వదలకండి.

మ్యాన్‌హోల్ దగ్గర

షెడ్యూల్ 2లో మురుగు కాల్వల పని కూడా ఉంది. కట్టడం, నడపడం, బాగుచేయడం, అన్నీ. అంటే మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయిన మన మనిషి చట్టం దృష్టిలో కార్మికుడే. కానీ ఏం జరుగుతుంది? మున్సిపాలిటీ కాంట్రాక్టరును చూపిస్తుంది. కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరును చూపిస్తాడు. సబ్ కాంట్రాక్టరు, "అడ్డా మీద ఉంటే ఆ పూటకు పిలిచాను" అంటాడు. జీతం చీటీ లేదు, హాజరు పుస్తకం లేదు. చనిపోయిన మనిషి ఎవరి మనిషీ కాకుండా పోతాడు.

ఈ ముడిని వేరే దారిలో విప్పింది సఫాయి కర్మచారి ఆందోళన్. కోలార్ బంగారు గనుల ఊళ్ళో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళు నిలబెట్టిన ఉద్యమం అది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు, తక్కిన వైకల్యాలకు 10 లక్షలకు తగ్గకూడదంది. ఈ తీర్పుల గొప్పతనం అంకెలో లేదు. యజమాని ఎవరో తేల్చేదాకా ఆగకుండా బాధ్యతను సర్కారు మీదే పెట్టాయి.

అయినా 2021 జూలైలో రాజ్యసభలో కేంద్ర మంత్రి రాందాస్ అథవాలే, అంతకుముందు ఐదేళ్ళలో పాకీపని వల్ల చనిపోయినట్టు నమోదైనవాళ్ళు ఎవరూ లేరని జవాబిచ్చారు. మురుగు కాల్వల చావులను "ప్రమాదకర శుభ్రత" అని వేరే గడిలో రాస్తే పాకీపని గడి ఖాళీగానే ఉంటుంది. యజమాని లేని పనివాడి తర్వాత, ఇప్పుడు పేరు లేని చావు.

మనం చేయాల్సింది

2009 సవరణతో చట్టం పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టమైంది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఇంటి నుంచి పనికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు పనికి ముడిపడి జరిగే ప్రమాదం కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి నంబర్లు కాకుండా పని చెబుతాను.

మొదట దవాఖాన. ఎక్కడ, ఏ పనిలో, ఎవరి దగ్గర దెబ్బ తగిలిందో చేర్చుకునే చీటీలో రాయించండి. "కింద పడ్డాడు" అని రాస్తే ఊరుకోకండి. పోలీసులకు సమాచారం వెళ్ళే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి.

రెండోది, అదే రోజు సాక్ష్యం. పని చోటు ఫోటో, కూలి పడిన ఫోన్‌పే వివరాలు, మేస్త్రి పంపిన వాట్సాప్ మెసేజ్, తోటి కూలీల పేర్లు. ఈ కాలపు జీతం చీటీ మన ఫోనులోనే ఉంది.

మూడోది, మేస్త్రిని చూపిస్తే ఆగకండి. కాంట్రాక్టరు మనిషి అయినా, పని అసలు యజమాని వ్యాపారంలో భాగమై, ప్రమాదం ఆయన ఆవరణలో జరిగితే ఆయన్నే అడగొచ్చు. కాంట్రాక్టరు దగ్గర ఆయన తర్వాత వసూలు చేసుకుంటాడు.

నాలుగోది, చావు కేసులో ఇంటికొచ్చి ఇచ్చే నోట్ల కట్ట పరిహారం కిందికి రాదు. ఆ డబ్బు లేబర్ అధికారి దగ్గరే జమచేయాలి. రాజీ కాగితం మీద సంతకం వద్దు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా అడగొచ్చు. కేసు వేసే గడువు మామూలుగా రెండేళ్ళు. యజమాని హైకోర్టుకు పోవాలంటే ముందు డబ్బు కట్టాలి.

ఐదోది, ఈఎస్‌ఐ కార్డు ఉంటే దారి వేరు. పరిహారం కేసు వేయడానికి వీలుండదు. ఈఎస్‌ఐ నుంచే ప్రయోజనం రావాలి. దాని గురించి వచ్చే భాగంలో వివరంగా రాస్తాను.

అప్పటిదాకా విద్యార్థి మిత్రులకు ఒక పని. చట్టం తన పట్టికలు తాను రాసుకుంది. మనం మన పట్టిక రాద్దాం. ఈ సెలవుల్లో మీ వాడలో ఇంటింటికీ వెళ్ళండి. పనిలో గాయపడ్డవాళ్ళు, చనిపోయినవాళ్ళు, ఏ ఏడు, ఏ పని, ఎవరి దగ్గర, ఎంత ఇచ్చారు, ఏం రాయించుకున్నారు. ఒక నోటుపుస్తకంలో రాయండి. గడువు దాటనివి ఒక్కటి దొరికినా దాన్ని లేబర్ ఆఫీసు దాకా మోద్దాం. గడువు దాటినవి కూడా రాయండి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నించే అధికారం ఆ ఆఫీసుకుంది. చదువు లేకపోవడం, ఎవరూ చెప్పకపోవడం కారణాలో కాదో అక్కడే అడుగుదాం.

జై భీమ్.